మెత్తటి గ్రిప్ పిక్ కొంటే ఇక జారదా? గిటార్ క్లాసులో వినే అపోహలు, అసలు సంగతులు

చెన్నై వడపళనిలో గిటార్ నేర్పిస్తుంటాను. వచ్చేవాళ్ళలో సగం మంది మన తెలుగువాళ్ళే, ఓఎంఆర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసేవాళ్ళు, వాళ్ళ పిల్లలు, రిటైరైన పెద్దవాళ్ళు ఇద్దరు ముగ్గురు. ఏప్రిల్ వచ్చిందంటే మా క్లాసులో పాటల కంటే ఎక్కువ వినపడేది పిక్, అంటే తీగలు మీటే చిన్న ప్లాస్టిక్ బిళ్ళ, టైల్స్ మీద పడ్డ టిక్కు శబ్దం, లేకపోతే గిటార్ బోర్లించి గలగలా ఊపే శబ్దం, ఎందుకంటే పిక్ సరిగ్గా గిటార్ మధ్యలో ఉండే హోల్‌లోకే పోతుంది, అదేం శాపమో. ఈసారి ఎండాకాలంలో ఒకరిని చూసి ఒకరు ఆన్‌లైన్‌లో కుషన్ పిక్కులు, అంటే పట్టుకునే చోట జారకుండా గ్రిప్ ఉన్నవి, తెప్పించారు, నన్ను అడగడం మొదలుపెట్టారు, సరే అని నేనూ నాలుగు రకాలు కొని మూడు నెలలు వాడాను. సిలికాన్ తొడుగు ఉన్నది, ఫోమ్ అంటించింది, కార్క్ అంటించింది, ప్లాస్టిక్ మీదే గరుకు బొడిపెలు ఉన్నది.

అపోహ: పిక్ జారుతోందంటే పిక్‌లోనే లోపం.

మద్రాసు చెమట సంగతి నాకు తెలుసు, కాదనను. కానీ గమనించండి, చాలామందికి పిక్ జారిపోదు, తిరిగిపోతుంది. నాలుగు స్ట్రోకులు వేసేసరికి మొన పక్కకి తిరిగి ఉంటుంది. ఎందుకంటే మొన బయటికి ఎక్కువ పొడుచుకొచ్చినకొద్దీ తీగకి అది గునపంలా పనిచేస్తుంది, అంత దూరం నుంచి తీగ నెడితే వేళ్ళ మధ్య ఉన్న భాగం ఆగదు. నేను స్కెచ్ పెన్‌తో పిక్ మీద మూడు నాలుగు మిల్లీమీటర్ల దగ్గర గీత గీసి ఇస్తాను, ఆ గీత దాటి బయటికి కనపడకూడదు, అంతే. చూపుడువేలు కొంచెం మడిచి దాని పక్క మీద పిక్ పెట్టి పైన బొటనవేలు పరచాలి, చాలామంది రెండు వేళ్ళ కొసలతో ముక్కుపొడి పట్టుకున్నట్టు పట్టుకుంటారు. ఇది సరిచేస్తే నా దగ్గర సగం మందికి కుషన్ గొడవే లేకుండా పోయింది. మిగతా సగానికి నిజంగానే చెమట.

అపోహ: కుషన్ ఉంది కాబట్టి గట్టిగా పట్టుకోవచ్చు.

సరిగ్గా ఉల్టా. అది గట్టిగా పట్టుకోవడానికి కాదు, వదులుగా పట్టుకున్నా ఆగడానికి. పెన్నుకి రబ్బరు తొడుగు ఎందుకు వేస్తారు, నొక్కకుండా రాయడానికి కదా, ఇదీ అంతే, పట్టు లావుగా మెత్తగా ఉంటే తక్కువ బలంతోనే నిలుస్తుంది. కీళ్ళవాతం ఉన్నవాళ్ళకి చెంచాలకీ పెన్నులకీ లావు పిడి వేసేదీ అందుకే. మా స్టూడెంట్ ఒకతను ఫోమ్ పిక్ కొన్న వారానికి ముంజేయి పీకుతోందన్నాడు, చూస్తే ఫోమ్ అప్పడంలా అణిగిపోయి ఉంది, అంటే మునుపటికంటే ఇంకా గట్టిగా నొక్కుతున్నాడన్నమాట, ఎందుకంటే నొప్పి తెలియట్లేదు. ఒక చిన్న పరీక్ష ఉంది, మీరు వాయిస్తుంటే పక్కవాళ్ళని పిక్ లాగమనండి, సులువుగా ఊడి రావాలి. రాకపోతే మీరు పిండుతున్నారు.

అపోహ: మెత్తటి పిక్ కదా, సౌండ్ కూడా మెత్తగా వస్తుంది.

నేనూ ఇదే నమ్మాను, అందుకే 0.73 మిల్లీమీటర్ల పిక్కులు ఒకే రకం రెండు తీసుకుని ఒకదానికి సైకిల్ ట్యూబు ముక్క అంటించి, రెండిటితో ఒకే స్ట్రమ్మింగ్ ఫోన్‌లో రికార్డు చేసి, ఏది ఏదో చెప్పకుండా క్లాసులో వినిపించాను. ఊహించి చెప్పారే తప్ప ఎవరూ తేడా పట్టి చెప్పలేదు. సౌండ్ వచ్చేది మొన నుంచి, అది ఏ మెటీరియల్, ఎంత మందం, అంచు గుండ్రమా పదునా, తీగకి ఏ వాలులో తగులుతోంది, ఇవి. క్వీన్ అనే ఇంగ్లీష్ రాక్ బ్యాండ్ గిటారిస్టు బ్రయాన్ మే పాత ఆరు పెన్నీల నాణెంతో వాయిస్తాడు, దాని అంచుకి గాట్లు ఉంటాయి, ఆ గరగరమనే సౌండ్ ఆ అంచుదే. మరి కుషన్ పెట్టగానే డల్‌గా ఎందుకు అనిపిస్తుందంటే, తీగ అదురు వేళ్ళకి తక్కువ తెలుస్తుంది, వేళ్ళకి తగ్గింది చెవికి తగ్గిందనుకుంటాం. ఒక్క విషయం మాత్రం నిజం, కొన్నిటికి కుషన్ మొన దాకా దిగి ఉంటుంది, అది తీగకి రాసుకుంటే దబ్ దబ్ మని చచ్చిన సౌండ్ వస్తుంది, అలాంటిది కొనొద్దు.

అపోహ: ఇదంతా ఈమధ్య వచ్చిన ఫారిన్ గిమ్మిక్కు.

సరోద్ వాళ్ళు తీగలు మీటడానికి వాడే జవా చూశారా, కొబ్బరి చిప్పతో చేస్తారు, పట్టుకునే వైపు దారం చుట్టి మైనం పెడతారు. అది గ్రిప్ కాక మరేంటండీ! సితార్ మీటే తీగ ఉంగరం, మిజ్రాబ్‌కి ఈ బాధ లేదు, వేలికి తొడుక్కుంటారు.

అపోహ: అందరికీ, అన్ని వాయిద్యాలకీ ఇదే బెస్ట్.

ఇక్కడ నాకు ఒక సంగతి చెప్పాలనుంది. మా క్లాసుకి ఒక అంకుల్ వస్తారు, నెల్లూరు ఆయన, బ్యాంకులో చేసి రిటైరయ్యారు, బొటనవేలి మొదట్లో కీలు అరిగింది. "మాస్టారూ, చపాతీ తుంచడానికే నొప్పి, ఈ బిళ్ళ పట్టుకోగలనా" అన్నారు మొదటిరోజు. పది నిమిషాలకి గిటార్ పక్కన పెట్టేసేవారు. సిలికాన్ పిక్ ఇచ్చాక అరగంట కూర్చుంటున్నారు. ఈ ఒక్క కారణానికే కుషన్ పిక్కుల్ని వెక్కిరించడం మానేశాను.

కానీ లీడ్, అంటే ఒక్కో స్వరంగా ట్యూన్ వాయించే కుర్రాళ్ళకి నేను ఇవ్వను. పించ్ హార్మోనిక్, అంటే కీచుమనే ఆ పై స్వరం, రావాలంటే బొటనవేలి అంచు తీగకి తగలాలి, మధ్యలో ఈ దిండు అడ్డం. పిక్ అరచేతిలో దాచి వేళ్ళతో మీటి మళ్ళీ పిక్‌లోకి రావాలంటే కూడా లావుగా ఉన్నది అడ్డొస్తుంది. మాండలిన్ వాళ్ళూ అడుగుతున్నారు. మాండలిన్ అనగానే మనకి పాలకొల్లు శ్రీనివాస్ గారే గుర్తొస్తారు కానీ ఆయనది అయిదు తీగల ఎలక్ట్రిక్, మామూలుదానికి ఎనిమిది తీగలు, నాలుగు జతలు. జత తీగల మీద పిక్‌కి ఎదురు ఎక్కువ, ట్రెమొలో, అంటే ఒకే స్వరాన్ని గబగబా కిందికీ పైకీ మీటడం, వేస్తుంటే మెత్తటి పట్టులో పిక్ ఊగుతుంది. దానికి గరుకు బొడిపెలదే నయం, లేదా కార్క్.

అపోహ: ఒకటి కొంటే ఏళ్ళ తరబడి వస్తుంది.

ఫోమ్ మన ఊళ్ళో ఒక సీజన్. చెమట పీల్చుకుంటుంది, ఆరదు, వాసన. బండి డిక్కీలో పెట్టి ఎండలో వదిలేస్తే జిగురు కరిగి ఊడొస్తుంది. సిలికాన్‌ని సబ్బుతో కడిగి ఆరబెట్టుకోవచ్చు.

డబ్బులు పెట్టే ముందు ఇంట్లో ట్రై చేయండి. మందుల షాపులో దొరికే గుడ్డ ప్లాస్టర్ రెండు వైపులా అంటించండి, లేదా పంచింగ్ మెషిన్‌తో పిక్ మధ్యలో చిల్లు కొట్టండి, వేలి కండ ఆ చిల్లులోకి కొంచెం దిగి పట్టు వస్తుంది. పిక్కే పాడవుతుందని భయమైతే ఎక్స్‌పైరీ అయిన ఏటీఎం కార్డు కత్తిరించుకోండి, మందం 0.76 మిల్లీమీటర్లు, మీడియం పిక్ అంత. అంచులు తొందరగా అరుగుతాయి, ట్రయల్‌కి చాలు.

ఇంకోటి, ఇది ఏ ప్యాకెట్ మీదా రాయరు. మెత్తటి పిక్ కింద పడితే టిక్కుమనదు. అంకుల్‌ది పోయిన మంగళవారం పడింది, సోఫా కింద లేదు, హోల్‌లో లేదు, ఇంకా వెతుకుతున్నాం.