కబేళాల్లో జీవాల పట్ల క్రూరత్వం: అపోహలు, వాస్తవాలు

కబేళాకు వచ్చిన జీవాలను కోతకు ముందు పరీక్షించడం, కోసిన తర్వాత మాంసాన్ని పరిశీలించి ముద్ర వేయడం పశువైద్యుడిగా నా విధి. ఈ పని గురించి బయట ఎక్కడ మాట వచ్చినా చర్చ కత్తి దగ్గర మొదలై కత్తి దగ్గరే ఆగిపోతుంది. నేను చూసే ఉల్లంఘనల్లో ఎక్కువ భాగం మాత్రం లారీ తలుపు తీసినప్పటి నుంచి కోత గది గడప దాకా, అంటే కత్తి తగలకముందే జరుగుతాయి.

అపోహ: ఎలాగూ కోయబోయే జీవానికి దయ ఎందుకు?

చట్టం అలా అనుకోలేదు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ఆహారం కోసం జంతువును చంపడాన్ని నేరంగా పరిగణించదు. అయితే చంపేటప్పుడు గానీ, అందుకు సిద్ధం చేసేటప్పుడు గానీ అనవసరమైన బాధ కలిగిస్తే ఆ మినహాయింపు వర్తించదు. 2001లో వచ్చిన కబేళా నియమాలు ఇంకా వివరంగా ఉన్నాయి. చూడి జీవాన్ని, మూడు నెలలలోపు పిల్ల ఉన్న తల్లిని, మూడు నెలలు నిండని పిల్లను కోయకూడదు. ఒక జీవం చూస్తుండగా మరొకదాన్ని కోయకూడదు. దుకాణం ముందు మేకలను కట్టేసి, వాటి ఎదుటే ఒక్కొక్కదాన్ని కోసి ‘తాజా మటన్’ అని అమ్మడం ఈ లెక్కన ఉల్లంఘనే.

చట్టం సంగతి పక్కన పెట్టినా మాంసమే సాక్ష్యం చెబుతుంది. ఆరోగ్యంగా, విశ్రాంతిగా ఉన్న జీవాన్ని కోస్తే కండరాల్లో నిల్వ ఉండే చక్కెర పదార్థం గ్లైకోజెన్ లాక్టిక్ ఆమ్లంగా మారి, పీహెచ్ (ఆమ్లత కొలత; ఆమ్లం పెరిగితే ఈ అంకె తగ్గుతుంది) 7 దగ్గరి నుంచి ఒక రోజులో 5.5 - 5.8 దాకా దిగుతుంది. నీళ్లు లేక, నిలబడి నిలబడి, బెదిరి వచ్చిన జీవంలో ఆ గ్లైకోజెన్ ముందే ఖర్చయిపోతుంది. పీహెచ్ 6 పైనే నిలిచిపోయి మాంసం నల్లబడి, బిరుసెక్కి, త్వరగా పాడవుతుంది. మన దగ్గర మటన్ కోసిన కొద్ది గంటల్లోనే అమ్ముడైపోతుంది గనుక కొనేవారికి ఈ తేడా తెలియదు. చల్లబరిచి ఎగుమతి చేసేవారికి బాగా తెలుసు.

అపోహ: మొండికేసిన జీవాన్ని కొట్టక తప్పదు.

గొర్రె ఆగిపోయిందంటే మొండితనం వల్ల కాదు, భయం వల్ల. దాని కళ్లు తలకు ఇరుపక్కలా ఉండటంతో దాదాపు చుట్టూ కనిపిస్తుంది గానీ, కింద ఉన్నది గుంటో నీడో వెంటనే పోల్చుకోలేదు. మురుగు కాలువ మీది ఇనుప జాలీ, తడి గచ్చు మీద బల్బు మెరుపు, గేటుకు వేలాడే గొలుసు, పిట్టగోడ మీద ఎవరో ఆరేసిన చొక్కా, వీటిలో ఏ ఒక్కటి ఎదురైనా మంద మొత్తం నిలిచిపోతుంది. ఒక కబేళాలో రోజూ ఒకే చోట జీవాలు ఆగడం, కూలీలు ఒకదాన్ని బొచ్చు పట్టి, మరొకదాన్ని వెనక కాలు పట్టి ఈడ్చడం చూశాను. గొర్రె కన్ను ఉండే ఎత్తుకు వంగి చూస్తే, జాలీ కింద పారే నీరు బల్బు వెలుతురుకు తళతళలాడుతూ కనిపించింది. దాని అవతల చీకటి. జాలీ మీద రబ్బరు చాప పరిపించి, బల్బును లోపలి వైపుకు మార్పించాక కర్రలకు పెద్దగా పని లేకుండా పోయింది. బొచ్చు పట్టి లాగిన చోట తోలు తీశాక ముదురు ఎరుపు కమిలిన మచ్చ కనిపిస్తుంది; దాన్ని కోసి పారేయాల్సిందే కనుక ఆ నష్టం యజమానిదే. గేదెల తోక మెలిపెట్టి నడిపించడమూ ఈ కోవలోదే.

అపోహ: క్రూరత్వమంతా హలాల్ పద్ధతి వల్లే.

ఈ వాదనను హలాల్‌ను తప్పుపట్టేవారూ, సమర్థించేవారూ వాడుకుంటున్నారు. 1960 చట్టంలోని 28వ సెక్షన్ మతాచారం కోరిన విధంగా చంపడానికి మాత్రమే మినహాయింపు ఇస్తుంది. ఇరుకు లారీకి, జారే గచ్చుకు, మొద్దుబారిన కత్తికి ఏ మతం పేరూ సాకుగా పనికిరాదు. అలాగని స్పృహ తప్పించకుండా కోయడంలో చర్చించడానికేమీ లేదనీ అనలేను. గొర్రె మెదడుకు రక్తం ప్రధానంగా మెడ ముందువైపు ధమనుల ద్వారానే వెళ్తుంది. పదునైన కత్తితో రెండింటినీ ఒకే ఊపున కోస్తే సెకన్లలో స్పృహ పోతుంది. పశువుల్లో వెన్నెముక పక్కనుంచి వెళ్లే ధమనులు కూడా మెదడుకు రక్తం అందిస్తాయి. పైగా తెగిన ధమని కొసల్లో గడ్డ కట్టి రక్తస్రావం ఒక్కోసారి నెమ్మదిస్తుంది. అందుకే పెద్ద జీవాల్లో స్పృహ పోవడానికి పట్టే సమయం ఒక్కో దానికి ఒక్కోలా ఉంటుంది, కొన్నిసార్లు చాలా ఎక్కువ. న్యూజిలాండ్‌లో హలాల్ గొర్రెలకు తలకు మాత్రమే విద్యుత్తు ఇచ్చి, కోయకపోతే మళ్లీ తేరుకునే తీరులో స్పృహ తప్పించి కోస్తారు. ఆచారానికీ జీవం బాధ తగ్గించడానికీ పొత్తు కుదరదన్న వాదన అక్కడ నిలవలేదు.

అపోహ: స్పృహ తప్పిస్తే రక్తం సరిగా దిగదు.

పోలిక పరీక్షల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఏ పద్ధతిలో కోసినా ఒంట్లోని రక్తంలో సుమారు సగమే బయటకు వస్తుంది. మిగిలినదానిలో ఎక్కువ భాగం కాలేయం, ఊపిరితిత్తుల వంటి అవయవాల్లో ఉండిపోతుంది.

అపోహ: కాళ్లు కొట్టుకుంటున్నాయంటే స్పృహ ఉన్నట్టే.

ఆ కదలికలు వెన్నుపాము నుంచి వచ్చేవి. మేము చూసేవి వేరు: కంటిగుడ్డును తాకితే రెప్ప పడుతోందా, ఊపిరి ఒక లయలో ఆడుతోందా, తల ఎత్తి లేవడానికి ప్రయత్నిస్తోందా అని. కదలకుండా పడి ఉన్నంత మాత్రాన స్పృహ పోయిందని కూడా అనుకోకూడదు. గొర్రె తలకు కనీసం ఒక ఆంపియరు కరెంటు అందకపోతే, ఒళ్లు బిగుసుకుపోయినా నొప్పి మాత్రం తెలుస్తూనే ఉండవచ్చు.

అపోహ: లైసెన్సు, యంత్రాలు ఉన్న చోట ఇవేమీ జరగవు.

అమెరికాలో జీవాలను బాధ పెట్టకుండా కోయాలన్న చట్టం 1958 నుంచే ఉంది. 1996లో పశు ప్రవర్తన నిపుణురాలు టెంపుల్ గ్రాండిన్ అక్కడి కోత ప్లాంట్లను పరిశీలించినప్పుడు, నూటికి తొంభై అయిదు పశువులను మొదటి దెబ్బకే స్పృహ తప్పించగలిగినవి పదింట మూడే. 2008లో క్యాలిఫోర్నియాలోని చినోలో, లేవలేని ఆవులను ఫోర్క్‌లిఫ్ట్‌తో నెట్టడం రహస్యంగా తీసిన వీడియోలో బయటపడి, 14.3 కోట్ల పౌండ్ల మాంసాన్ని వెనక్కి పిలిపించాల్సి వచ్చింది. ఆ ప్లాంటులోనూ ప్రభుత్వ తనిఖీదారులు ఉన్నారు.

మన దగ్గరి చిక్కు మరో రకం. ఒక వైద్యుడు గంటకు 12 జీవాలకు, రోజుకు 96 జీవాలకు మించి పరీక్షించకూడదని 2001 నియమాలు చెబుతున్నాయి. ఆదివారం తెల్లవారుజామున మూడు గంటల వ్యవధిలో మూడు వందల జీవాలు దిగితే తొమ్మిది మంది వైద్యులు కావాలి. అంతమంది ఉన్న పురపాలక కబేళా నాకు తారసపడలేదు. అలాంటప్పుడు పరీక్ష అంటే మంద మీద ఒక చూపు వేయడమే అవుతుంది. కుంటుతున్నది, చూడిది, జ్వరంతో ఉన్నది ఆ చూపుకు దొరకవు.

అపోహ: శిక్షలు కఠినంగానే ఉన్నాయి, అమలే లేదు.

1960 చట్టం కింద మొదటి నేరానికి జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు. ఆరున్నర దశాబ్దాలుగా ఆ యాభై రూపాయల పరిమితి మారలేదు. అందువల్ల పనికొచ్చేది ఆహార భద్రతా చట్టం: లోపాలు సరిదిద్దమని నోటీసు ఇచ్చి, సరిదిద్దకపోతే లైసెన్సు నిలిపివేసే అధికారం అందులో ఉంది. అందుకే నా నివేదికలో ‘క్రూరంగా ప్రవర్తించారు’ అనే వాక్యానికి బదులు ఏ గేటు దగ్గర ఎన్ని జీవాలు జారిపడ్డాయి, ఏ తొట్టిలో నీళ్లు లేవు, ఎన్నింటిని కాలు పట్టి ఈడ్చారు అని తేదీ, వేళతో సహా రాస్తాను. ఆ వివరాలతో ఇచ్చిన నోటీసుకు యజమాని ‘లేదు’ అని ఒక్క మాటలో జవాబు చెప్పి తప్పించుకోలేడు.