తుప్పు పట్టిన కంచె: 1989 తూర్పు ఐరోపా మార్పుల వెనుక

హంగరీ, ఆస్ట్రియాల సరిహద్దు పొడవునా ఒక ముళ్లతీగ కంచె ఉండేది. 1960ల్లో వేసింది. తీగల్లో తక్కువ వోల్టేజీ కరెంటు పారుతుండేది. ఎవరైనా తాకితే కాపలా చౌకీలో గంట మోగేది, సైనికులు పరుగున వెళ్లేవారు. తీరా చూస్తే చాలాసార్లు ఏ కుందేలో, జింకో తగిలి ఉండేది. ఇరవై ఏళ్లు గడిచేసరికి తీగలు తుప్పు పట్టాయి, గంట ఊరికే మోగడం ఎక్కువైంది. మార్చాలంటే స్టెయిన్‌లెస్ స్టీలు తీగ కావాలి. దాన్ని పశ్చిమ దేశాల నుంచి డాలర్లు పోసి తెచ్చుకోవాలి. హంగరీ అప్పటికే పీకల్లోతు అప్పుల్లో ఉంది. 1988 నవంబరులో ప్రధాని అయిన మిక్లోష్ నేమెత్ బడ్జెట్ చూస్తూ ఆ పద్దు దగ్గర ఆగారు. దాన్ని కొట్టేశారు.

1989లో తూర్పు ఐరోపాలో కమ్యూనిస్టు ప్రభుత్వాలను కూల్చేసిన మార్పుల కథ చెప్పమంటే నేను ఆ పద్దుతోనే మొదలుపెడతాను. బెర్లిన్ గోడ మీదికెక్కిన జనం ఫొటోలు అందరూ చూసినవే. ఆ గోడకు బీట వారింది మాత్రం ఎక్కడో దక్షిణాన ఉన్న ఈ కంచె దగ్గర.

అసలు ఆ కంచె ఎవరిని ఆపుతోంది? 1988 జనవరి నుంచి హంగరీ తన పౌరులకు ఏ దేశమైనా వెళ్లే పాస్‌పోర్టు ఇస్తోంది. వాళ్లు దర్జాగా వియన్నా వెళ్లి ఫ్రిజ్‌లు కొనుక్కొచ్చుకుంటున్నారు. ఇక కంచె ఆపుతున్నది బయటివాళ్లనే, ముఖ్యంగా కమ్యూనిస్టు పాలనలో ఉన్న తూర్పు జర్మన్లను. 1961 ఆగస్టు 13న బెర్లిన్‌లో గోడ లేచాక వాళ్లకు పశ్చిమానికి దారి మూసుకుపోయింది. ఆ గోడ దగ్గర కనీసం 140 మంది ప్రాణాలు పోయాయి. 1989 ఫిబ్రవరిలో కూడా దాటబోయిన 20 ఏళ్ల కుర్రాడిని కాల్చి చంపారు. అయితే సెలవులకు హంగరీలోని బాలాటన్ సరస్సుకు వెళ్లడానికి వాళ్లకు అనుమతి దొరికేది. ముందు వాకిలికి గోడ కట్టారు సరే, దొడ్డి తలుపు కాపలా హంగరీ చేతుల్లో ఉండిపోయింది.

1989 మార్చి 3న నేమెత్ మాస్కో వెళ్లి కంచె తీసేస్తున్నామని సోవియట్ నేత గోర్బచేవ్‌కు చెప్పారు. చిన్న సాహసం కాదది. 1956లో హంగరీ తిరగబడితే సోవియట్ ట్యాంకులు వచ్చి అణచేశాయి. అప్పటి ప్రధాని ఇమ్రె నాజ్‌ను 1958 జూన్ 16న ఉరితీశారు. ఈసారి గోర్బచేవ్ అడ్డు చెప్పలేదు. ఆయన స్వభావం ఒక కారణం, ఖాళీ ఖజానా ఇంకో కారణం. 1986లో చమురు ధర కుప్పకూలింది. అఫ్గానిస్తాన్ నుంచి చివరి సోవియట్ సైనికులు తిరిగొచ్చి అప్పటికి నెల కూడా కాలేదు.

మే 2న కంచె విప్పడం మొదలైంది. పశ్చిమ జర్మనీ టీవీ చూపించిన ఆ దృశ్యాలు తూర్పు జర్మనీ ఇళ్లలోనూ కనిపించాయి.

జూన్ 4న ఒకే రోజు రెండు వార్తలు. పోలండ్‌లో ఓటింగ్ జరిగింది. ఆ ఎన్నికలు ముగిసేసరికి సెనేట్‌లోని 100 సీట్లలో 99 ప్రతిపక్ష కార్మిక ఉద్యమమైన సాలిడారిటీ ఖాతాలో పడ్డాయి. అదే రోజు బీజింగ్‌లో సైన్యం సొంత జనం మీద కాల్పులు జరిపి తియానన్మెన్ చౌకును ఖాళీ చేయించింది. నాలుగు రోజులు తిరక్కుండానే తూర్పు జర్మనీ పార్లమెంటు చైనా ప్రభుత్వాన్ని సమర్థిస్తూ తీర్మానం చేసింది. అది ఎవరికి హెచ్చరికో అక్కడి జనానికి విడమరిచి చెప్పనక్కర్లేదు. కాల్చాలా, వద్దా అన్న ప్రశ్న ఆ ఏడాది పొడుగునా ఎందరో మామూలు అధికారుల ముందు నిలబడింది.

ఆగస్టు 19న ఆ ప్రశ్న ఆర్పాద్ బెల్లా ముందుకొచ్చింది. షోప్రోన్ ఊరి దగ్గర, ఆస్ట్రియా వైపు వెళ్లే పాత రోడ్డు మీద ఒక చెక్క గేటు. రెండు దేశాల వాళ్లు కలిసి వనభోజనం పెట్టుకున్నారు, స్నేహానికి గుర్తుగా గేటును మూడు గంటలపాటు తెరుస్తామన్నారు. ఆ కబురు జర్మన్ భాషలో కరపత్రాలుగా తూర్పు జర్మన్ల చేతుల్లోకి వెళ్లింది. గేటు దగ్గర సరిహద్దు దళానికి చెందిన లెఫ్టినెంట్ కర్నల్ బెల్లా, ఆయనతో కొద్దిమంది సిబ్బంది. మధ్యాహ్నం మూడు గంటలప్పుడు ఒక గుంపు చంటిపిల్లల్ని ఎత్తుకుని గేటు మీదికి తోసుకొచ్చింది. నిబంధన ప్రకారం ఆపాలి, అవసరమైతే కాల్చాలి. బెల్లా వాళ్లకు వీపు తిప్పి, ఆస్ట్రియా వైపు నుంచి వచ్చినవాళ్ల పాస్‌పోర్టులు తనిఖీ చేస్తూ నిలబడ్డారు. ఆ రోజు 600 మందికి పైగా దాటిపోయారు.

అన్నిచోట్లా అలా జరగలేదు. రెండు రోజులకే అదే సరిహద్దులో, కాపలా సైనికుడితో పెనుగులాటలో తుపాకీ పేలి ఒక తూర్పు జర్మన్ చనిపోయాడు. సెప్టెంబరు 11న హంగరీ సరిహద్దు పూర్తిగా తెరిచింది. కొద్ది రోజుల్లోనే వేలాది మంది వెళ్లిపోయారు.

తూర్పు జర్మనీ తన మనుషుల్ని హంగరీ వెళ్లనివ్వకుండా కట్టడి చేసింది. వాళ్లు చెకొస్లోవేకియా రాజధాని ప్రాగ్‌లోని పశ్చిమ జర్మనీ రాయబార కార్యాలయం గోడ దూకి తోటలో గుడారాలు వేసుకున్నారు. ఆ దారీ మూశాక, వెళ్లలేనివాళ్లు వీధుల్లోకి వచ్చారు. అక్టోబరు 9, సోమవారం. తూర్పు జర్మనీ నగరం లైప్‌జిగ్‌లోని సెయింట్ నికోలస్ చర్చిలో ప్రార్థన అయ్యాక 70,000 మంది నడిచారు. ఆ సాయంత్రం ఆసుపత్రులను సిద్ధంగా ఉంచారు. బీజింగ్ ఇక్కడా జరుగుతుందని ఇళ్లలో వణికిపోయారు. అయినా నడిచారు. తుపాకీ పేలలేదు. నాకు ఆ ఏడాది మొత్తంలో అన్నిటికన్నా పెద్ద రాత్రి అదే, నవంబరు 9 కూడా దాని తర్వాతే.

నవంబరు 9, బెర్లిన్ గోడ తెరుచుకున్న రోజు, సంగతి తెలిసిందే. కొత్త ప్రయాణ నిబంధనలు ఎప్పటినుంచి అని విలేకరులు అడిగితే, తూర్పు జర్మనీ పాలక పార్టీ నేత గుంటర్ షాబోవ్‌స్కీ కాగితాలు తిరగేసి 'వెంటనే' అనేశారు. గోడలోని బోర్న్‌హోల్మర్ వీధి గేటు దగ్గర జనం పోగయ్యారు. అక్కడి అధికారి హరాల్డ్ యేగర్ పైవాళ్లకు ఫోన్ల మీద ఫోన్లు చేశారు. బాగా గొడవ చేసేవాళ్లను వదిలి, వాళ్ల పాస్‌పోర్టు ఫొటో మీద ముద్ర కొట్టి తిరిగి రానివ్వొద్దని జవాబొచ్చింది. అంటే సొంత ఇంటికే దూరం చేయడం. రాత్రి 11.30 ప్రాంతంలో యేగర్ గేటు తెరిపించారు.

మన దగ్గర అది లోక్‌సభ, శాసనసభ ఎన్నికల నవంబరు. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఓడిపోయిన రోజులు.

డిసెంబరులో రుమేనియా తుపాకీ దారి పట్టింది. తిమిషోరా నగరంలో మొదలైన కాల్పులు దేశమంతా పాకి వెయ్యి మందికి పైగా బలయ్యారు. ఆ దేశ పాలకుడు చౌషెస్కూను, ఆయన భార్యను క్రిస్మస్ రోజున కాల్చి చంపారు.

అదే 1989లో జూన్ 16న, ఉరి తీసిన 31 ఏళ్లకు, బుడాపెస్ట్‌లో ఇమ్రె నాజ్‌కు గౌరవంగా అంత్యక్రియలు జరిగాయి. సోవియట్ సైన్యం వెళ్లిపోవాలని ఆ సభలో బహిరంగంగా అడిగిన 26 ఏళ్ల యువకుడి పేరు విక్టర్ ఓర్బాన్. 2015లో సిరియా, అఫ్గానిస్తాన్‌ల నుంచి శరణార్థులు వస్తున్నప్పుడు హంగరీ ప్రధాని ఆయనే. ఆ ఏడాది సెర్బియా సరిహద్దులో హంగరీ 175 కిలోమీటర్ల పొడవున కొత్త కంచె వేసింది.