నెలవంక చూడటం: అపోహలు - వాస్తవాలు

రంజాన్ ఉపవాసాల నెలకు ముందు వచ్చే షాబాన్ నెల 29 సాయంత్రం వచ్చిందంటే నాకు ఫోన్ల మీద ఫోన్లు. "కనబడిందా? ఎందుకు కనబడలేదు? వాళ్లకెలా కనబడింది?" నెలవంక చూడటం, చూశామని వచ్చినవాళ్ల సాక్ష్యం వినడం నా పని. ఎక్కువగా వినే మాటలకు ఇక్కడ జవాబు చెబుతాను.

"అమావాస్య అయిపోయిందిగా, ఇక కొత్త నెలే."

అమావాస్య వేరు, నెలవంక కనబడటం వేరు. అమావాస్య ఘడియలో చంద్రుడు సూర్యుడున్న వైపే ఉంటాడు, వెలుగు పడే ముఖం మనకు అవతల ఉంటుంది. అక్కడి నుంచి గంటకు దాదాపు అర డిగ్రీ చొప్పున సూర్యుడికి దూరం జరుగుతాడు. ఆ దూరం సుమారు 7 డిగ్రీలు దాటేదాకా కంటికి వంక ఏర్పడదని ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్త దాంజోన్ 1930లలో తేల్చారు. వాతావరణం ఎంత అనుకూలించినా, ఆరితేరినవాళ్లు ఉత్త కళ్లతో చూడగలిగిన అతి లేత చంద్రుడి వయసు దాదాపు పదిహేనున్నర గంటలు. మధ్యాహ్నం అమావాస్య అయితే ఆ సాయంత్రం చూశామనడం కుదరదు.

వయసు ఒక్కటే చూసినా చాలదు. సూర్యుడు అస్తమించాక చంద్రుడు ఎంతసేపు ఉంటాడు, ఎంత ఎత్తులో ఉంటాడు, దిగంతంలో దుమ్ము ఎంత అన్నవీ లెక్కలోకి వస్తాయి. 1997లో బ్రిటిష్ ఖగోళ శాస్త్రవేత్త యాలప్ ఇచ్చిన సూత్రం నాకు బాగా పనికొస్తుంది: సూర్యాస్తమయానికీ చంద్రాస్తమయానికీ మధ్య సమయంలో తొమ్మిదింట నాలుగు వంతులు గడిచాక చూడటం మేలు. 45 నిమిషాల తేడా ఉంటే, సూర్యుడు అస్తమించిన 20 నిమిషాలకు.

"ఇవాళ చంద్రుడు లావుగా ఉన్నాడు, నిన్నే వచ్చాడు. ఒక ఉపవాసం పోగొట్టారు!"

నన్ను ఎక్కువ బాధపెట్టే మాట ఇదే, ఎందుకంటే మనసులో లేనిపోని అనుమానం నాటుతుంది. నిన్న సాయంత్రానికి చంద్రుడి వయసు 13 గంటలే అనుకోండి, ఎవరికీ కనబడడు. ఇవాళ అదే చంద్రుడికి 37 గంటలు, కాబట్టి లావుగా, ఎత్తుగా కనబడతాడు. అయినా ఇది మొదటి రాత్రి చంద్రుడే. ఈ గొడవ కొత్తది కూడా కాదు. మక్కా దగ్గరి నఖ్లా లోయలో కొందరు "ఇది రెండో రాత్రిది" అని, కొందరు "మూడో రాత్రిది" అని వాదించుకుంటే, ప్రవక్త సహచరుడు ఇబ్నె అబ్బాస్ అడిగింది ఒక్కటే: మీరు ఏ రాత్రి చూశారు? అది ఆ రాత్రిదే అన్నారు.

"ప్రమాణం చేసి చెప్తున్నాడు కదా, ఒప్పుకోవాలి."

మనిషి నిజాయితీపరుడే కావచ్చు, చూసింది మాత్రం చంద్రుడు కాకపోవచ్చు. విమానం వదిలిన పొగచార అస్తమయ కాంతిలో అచ్చం వంకలా మెరుస్తుంది. అందుకే అడుగుతాం: సూర్యుడు దిగిన చోటికి కుడివైపా, ఎడమవైపా? ఎంత ఎత్తులో? కొమ్ములు ఎటు తిరిగి ఉన్నాయి? వెలిగే అంచు ఎప్పుడూ సూర్యుడి వైపే ఉంటుంది కాబట్టి, కొమ్ములు సూర్యుడి వైపు తిరిగి ఉన్నాయని చెప్తే అది చంద్రుడు కాదని అక్కడే తేలిపోతుంది. సాక్ష్యం తీసుకోలేదంటే ఆ మనిషిని అబద్ధాలకోరు అన్నట్టు కాదు. దయచేసి అలా అనుకోవద్దు.

"దేశానికో రోజు ఏమిటి, ఎవరో ఒకరు తప్పు."

ఒకే సాయంత్రం పడమటి దేశాల వంతు వచ్చేసరికి చంద్రుడు ఇంకాస్త దూరం జరిగి ఉంటాడు, కాబట్టి తూర్పున కనబడనిది అక్కడ కనబడొచ్చు. కురైబ్ అనే ఆయన సిరియా నుంచి మదీనాకు వచ్చి, సిరియాలో ఒక రోజు ముందే చూశారని చెబితే, ఇబ్నె అబ్బాస్ మదీనాలో చూసినదాన్నే పాటించారు. ఎక్కడ చూసినా అందరికీ చాలుననే పండితులూ ఉన్నారు. టర్కీ లెక్కనే ప్రమాణంగా తీసుకుంటుంది: 1978 ఇస్తాంబుల్ సదస్సు ప్రకారం సూర్యుడి నుంచి 8 డిగ్రీల దూరం, దిగంతం మీద 5 డిగ్రీల ఎత్తు. పద్ధతులు వేరైనప్పుడు తేదీలు వేరవుతాయి.

"మబ్బు పట్టింది, ఇప్పుడెలా?"

ఇందులో టెన్షన్ పడాల్సిందేమీ లేదు. నమ్మదగిన కబురు ఎక్కడి నుంచీ రాకపోతే 30 రోజులు పూర్తి చేయమని హదీసు (ప్రవక్త మాట). నెల 29 లేదా 30, అంతకు మించదు. ఇక మీరే చూడాలనుకుంటే, సూర్యుడు పూర్తిగా దిగేదాకా బైనాక్యులర్స్ అటు తిప్పకండి, కళ్లు పోతాయి.