వెనక డిస్క్ ఊడి రాకపోతే: సుత్తి ఎత్తే ముందు తెలియాల్సినవి

బరంపురంలో మా షెడ్డు. గోపాల్‌పూర్ సముద్రం ఇక్కడికి 15 కిలోమీటర్లు. ఆ తీరంలో తిరిగే బళ్ళకు, ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చేవాటికి ఉప్పుగాలి వదలదు. పదేళ్ళు దాటిన ఎస్‌యూవీ వస్తే, వెనక బ్రేక్ డిస్క్ ప్లేట్ హబ్‌కి, అంటే చక్రాన్ని మోసే మధ్య భాగానికి, అతుక్కుపోయి ఉంటుందనే లెక్కతోనే పని మొదలుపెడతాను. బొలేరో లాంటివాటికి వెనక డ్రమ్ములు ఉంటాయి కాబట్టి వాటి సంగతి వేరు. నేను చెప్పేది పాత సీఆర్-వీ లాంటి బళ్ళ గురించి. వాటికి వెనక డిస్కే ఉంటుంది, కానీ దాని గుల్ల లోపల హ్యాండ్‌బ్రేక్ వేసినప్పుడు లోపలి గోడకి ఒత్తుకునే షూలు దాగి ఉంటాయి.

అపోహ: రాలేదంటే తుప్పే. నాలుగు దెబ్బలు గట్టిగా వేస్తే వచ్చేస్తుంది.

కాలిపర్ (ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే భాగం), దాని బ్రాకెట్ విప్పేశాక కూడా డిస్క్‌ని పట్టుకునేవి మూడు: ముఖం మీది చిన్న స్క్రూలు, హబ్ మధ్య అంచు దగ్గర తుప్పు, లోపలి షూలు. ఏది పట్టిందో డిస్కే చెబుతుంది. అసలు కదలకపోతే తుప్పో, స్క్రూనో. కొద్దిగా బయటికి వచ్చి ఆగిపోతే మాత్రం షూలే. ఏళ్ళ తరబడి అరిగి గుల్ల లోపల ఒక గట్టు ఏర్పడుతుంది, షూ దానికి తగులుకుంటుంది.

పోయిన వర్షాకాలం ఛత్రపురం నుంచి ఒక బండి వచ్చింది. వేరేచోట కొట్టీ కొట్టీ డిస్క్ అంచు పెచ్చులూడగొట్టారు. నేను హ్యాండ్‌బ్రేక్ దించి, రబ్బరు బిరడా తీసి, ఆ కంతలోకి టార్చి వేశాను. షూల బిగువు మార్చే పళ్ళ చక్రం కనిపించింది. స్క్రూడ్రైవర్‌తో ఒక్కో పన్నూ తిప్పుతూ డిస్క్‌ని ఆడించి చూశాను. మొదట ఇంకా బిగిసింది, అంటే దిశ తప్పు. రెండోవైపు పదీ పన్నెండు పళ్ళు తిప్పేసరికి చేత్తోనే వచ్చేసింది. అప్పటికే ఒక షూ లైనింగ్, అంటే దాని మీది రాపిడి పొర, చీలిపోయి ఉంది. ఆ ఖర్చు బండి యజమానికి పడాల్సింది కాదు.

హ్యాండ్‌బ్రేక్ దించుతున్నారంటే ముందు చక్రాలకు తప్పకుండా అడ్డు పెట్టాలి. ఒక్క జాకీనే నమ్ముకోవద్దు, స్టాండు వేయాలి.

అపోహ: డిస్క్ ఎలాగూ పారేసేదే, ఎక్కడ కొడితే ఏం?

డిస్క్ పారేస్తారు, చక్రం తిరిగే బేరింగ్ పారేయరు కదా! అంచు మీద వేసిన ప్రతి దెబ్బా దానికే చేరుతుంది. కొన్నాళ్ళకు వెనక నుంచి హోరు మొదలవుతుంది. కొట్టక తప్పకపోతే స్టడ్లకు (చక్రం బిగించే బోల్టులకు) నట్లు ఎక్కించి, వాటి మధ్య భాగంలో తేలికగా, డిస్క్ తిప్పుతూ కొట్టాలి.

అపోహ: డిస్క్ ముఖం మీది మర ఉన్న కంతలు ఎందుకూ పనికిరావు.

వాటిని పెట్టిందే డిస్క్‌ని నెట్టి ఊడదీయడానికి. చాలా జపాన్ బళ్ళలో అవి 8 ఎంఎం, 1.25 పిచ్ (మర చుట్ల మధ్య దూరం). రెండు బోల్టులు ఎక్కించి, ఇటు అర చుట్టు, అటు అర చుట్టు బిగించండి. టక్కున శబ్దం వస్తుంది, తుప్పు వదిలినట్టే. ఒకే బోల్టుని బిగించుకుంటూ పోతే మర పోతుంది. ముఖం మీది స్క్రూలే రాకపోతే ఇంపాక్ట్ డ్రైవర్ (సుత్తితో కొడితే తిరిగే స్క్రూడ్రైవర్) పెట్టాలి. అదీ కుదరకపోతే తల డ్రిల్ చేసేయండి. చక్రం బిగించాక డిస్క్‌ని పట్టుకునేది నట్లే.

అపోహ: డీజిలో కిరోసినో పోస్తే వదులవుతుంది.

లోపలికి కారి షూలు తడుస్తాయి. నూనె తాగిన లైనింగ్ మళ్ళీ పట్టదు, మార్చాల్సిందే. రస్ట్ స్ప్రే మధ్య అంచుకీ స్టడ్ల మొదళ్ళకీ కొద్దిగా కొట్టి, వీలైతే రాత్రంతా వదిలేయండి.

గ్యాస్ మంట అయితే నేను ఆ దరిదాపులకు రానివ్వను. గ్రీజు కరుగుతుంది, సీల్, సెన్సార్ వైరు కాలిపోతాయి. కొన్ని బ్రేక్ క్లీనర్లకు మంట తగిలితే విషవాయువు వస్తుంది.

అపోహ: డిస్క్ వచ్చేసిందిగా, కొత్తది తగిలించేస్తే సరి.

హబ్ ముఖం మీద తుప్పు పెచ్చు మిగిలితే కొత్త డిస్క్ వంకరగా కూర్చుంటుంది. పదో వంతు మిల్లీమీటరు వంకర చాలు, కొన్ని వేల కిలోమీటర్లకు పెడల్ కాలి కింద కొట్టుకోవడానికి. వైర్ బ్రష్, ఎమరీ పేపర్‌తో మెరిసేదాకా తుడవండి. యాంటీ సీజ్ (అతుక్కోకుండా రాసే పేస్టు) మధ్య అంచుకి పల్చగా రాస్తే చాలు, ప్యాడ్ తగిలే చోట మాత్రం అస్సలు వద్దు. డిస్క్ ఎక్కించి, షూ సన్నగా రాసుకునేదాకా పళ్ళ చక్రం బిగించి, రెండు మూడు పళ్ళు వెనక్కి తిప్పి, అప్పుడు రబ్బరు బిరడా పెట్టండి.