సాయంత్రం విప్పేయగలిగినవి, విప్పలేనివి

ప్రియమైన పిల్లలకు,

ఆశీస్సులు. స్కర్టు ఎంత పొడవుండాలి, జుట్టు ఎంత పెంచుకోవచ్చు, రంగు లేసుల బూట్లు వేసుకొస్తే తప్పేమిటి అని మీలో మీరు వాదించుకుంటూనే ఉంటారు. ఆ వాదన ఎక్కువసార్లు రెండు మాటల దగ్గరే ఆగిపోతుంది. ఒకరు "రూలు రూలే" అంటారు, ఇంకొకరు "నా బట్టలు నా ఇష్టం" అంటారు. రెండూ తొందరపాటు మాటలే. పిల్లల బట్టల మీద బడికి కొంత అధికారం ఉంది, ఉండాలి కూడా. దానికి హద్దు ఎక్కడుందో తేల్చుకోవడమే అసలు పని. ఆ హద్దు ఎలా గీసుకోవచ్చో ఈ ఉత్తరంలో చెప్తాను.

ముందు ఒక తేడా గమనించండి. యూనిఫాం ఏం వేసుకోవాలో చెబుతుంది. డ్రెస్ కోడ్ ఏం వేసుకోకూడదో చెబుతుంది. యూనిఫాం ఉన్నచోట ఎంపిక తక్కువ, కానీ అనుమానమూ తక్కువే: ఆ చొక్కా వేసుకున్నారా లేదా, అంతే. డ్రెస్ కోడ్‌లో ఎంపిక ఎక్కువ. అయితే రోజూ పొద్దున ఎవరో ఒకరు గేటు దగ్గర నిలబడి మిమ్మల్ని పైనుంచి కిందికి చూసి "ఇది సరే, ఇది కాదు" అని తేల్చాలి. గొడవలన్నీ ఆ చూపు దగ్గరే మొదలవుతాయి. "మర్యాదగా ఉండాలి", "తగినట్టు ఉండాలి" లాంటి మాటలు రూలులో ఉంటే ఒక టీచర్ ఒప్పుకున్నది ఇంకో టీచర్ ఒప్పుకోరు. సోమవారం సరే అన్నది గురువారం తప్పవుతుంది.

ఎవరూ కాదనకూడని రూళ్ళు కొన్ని ఉన్నాయి. కెమిస్ట్రీ ల్యాబ్ సంగతి చూడండి. పాలియెస్టర్ గుడ్డ సుమారు 250–260 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. కరిగి చర్మానికి అతుక్కుపోతుంది, లాగితే చర్మమూ ఊడి వస్తుంది. నూలు గుడ్డ అలా కరగదు, మాడి బొగ్గవుతుంది. అలాగని నూలు మంటను ఆపదు, వదులుగా ఉంటే చప్పున అంటుకుంటుంది. అందుకే ల్యాబ్ కోటు నూలుదై, మోకాళ్ళదాకా ఉండి, చేతులు మణికట్టు వరకు వచ్చి, ముందువైపు టిచ్ బటన్లు ఉంటే మంచిది. మంట అంటుకున్నా యాసిడ్ ఒలికినా ఒక్క లాగుతో విప్పేయొచ్చు. కాలికి చెప్పులు వద్దనేది యాసిడ్ చుక్కలకు భయపడే. గుడ్డ బూట్లూ అంత మంచివి కావు, పడినదాన్ని పీల్చుకుని కాలికే పట్టి ఉంచుతాయి. పాదం మొత్తం మూసే తోలు బూటు మేలు.

వర్క్‌షాపులో తిరిగే యంత్రం దగ్గర ఉంగరం, గాజు, వేలాడే టై, వదులు చేతులు, ముడి వేయని జుట్టు ఏవీ పనికిరావు. మీరు ఊహించని మాట ఒకటి చెప్తాను: లేత్ (లోహాన్నో కర్రనో గిరగిరా తిప్పుతూ చెక్కే యంత్రం) దగ్గర, డ్రిల్లింగ్ మిషన్ దగ్గర చేతి తొడుగులు కూడా వేసుకోకూడదు. కాపాడాల్సిన తొడుగే చిక్కుకుని చేతిని లోపలికి లాగేస్తుంది. ఆటల్లో చెవిపోగుల సంగతీ ఇంతే, తీసి పెట్టుకోవాలి. కొత్తగా కుట్టించుకున్న చెవి తమ్మె మానడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఈలోగా పోగు తీస్తే రంధ్రం పూడిపోవచ్చు. కాబట్టి ఆటల సీజన్ మధ్యలో కాకుండా పెద్ద సెలవులు మొదలయ్యే రోజునే కుట్టించుకోండి, పేచీయే రాదు.

ఇలాంటి రూళ్ళలో ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు అన్న మూడూ స్పష్టంగా ఉంటాయి. లేత్ దగ్గర ఉంగరం వద్దంటే లేత్ దగ్గర వద్దని. లెక్కల క్లాసులో కూడా తీయమంటే అది భద్రత రూలు కాదు. భద్రత పేరు పెట్టుకున్న ఇంకేదో.

ఆ "ఇంకేదో" గురించి నిజాయితీగా మాట్లాడుకోవాలి. యూనిఫాం పెడితే క్రమశిక్షణ వస్తుంది, మార్కులు పెరుగుతాయి అని చాలామంది నమ్మకం. అమెరికాలో కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్ పాఠశాలల్లో 1994లో యూనిఫాం తప్పనిసరి చేశారు. ఆ తర్వాత బడుల్లో నేరాలు బాగా తగ్గాయని ప్రకటించారు. 1996లో అధ్యక్షుడు క్లింటన్ కూడా బడులు యూనిఫాం పెట్టుకోవచ్చని దేశాన్ని ఉద్దేశించి చేసిన ప్రసంగంలో సమర్థించారు. కానీ లాంగ్ బీచ్‌లో అదే సమయంలో భద్రత కోసం వేరే చర్యలూ తీసుకున్నారు. ఏది దేనివల్ల తగ్గిందో విడదీసి చెప్పలేం. 1998లో బ్రున్స్‌మా, రాక్‌మోర్ అనే ఇద్దరు పరిశోధకులు పదో తరగతి పిల్లల సమాచారాన్ని పరిశీలించారు. హాజరులో గానీ ప్రవర్తనలో గానీ యూనిఫాం తెచ్చిన మేలు వారికి కనిపించలేదు. అంటే యూనిఫాం దండగని కాదు. పొద్దున్నే ఏం వేసుకోవాలన్న బాధ తప్పుతుంది, బయటివాళ్ళు బడిలోకి వస్తే ఇట్టే తెలిసిపోతుంది. ఈ లాభాలు చాలు, లేనివి అంటగట్టక్కర్లేదు.

అందరూ సమానంగా కనిపిస్తారన్న మాటలో కొంత నిజముంది, కొంతే. చొక్కాలు ఒకటే అయినా బూట్లు, సంచి, చేతిగడియారం వేరు. అంతకంటే లోతైన తేడా గుడ్డలోనే కనిపిస్తుంది. పిల్లలు మామూలుగా ఏడాదికి 5–6 సెంటీమీటర్లు ఎదుగుతారు, ఈడు వచ్చే వయసులో ఒక్క ఏడాదిలో 8–10 కూడా ఎదగొచ్చు. ఇంట్లో వాళ్ళు ప్యాంటు అడుగున రెండంగుళాల మడత పెట్టి కుట్టిస్తారు, పొట్టిదవగానే విప్పుతారు. విప్పిన చోట పాత అంచు గీత తెల్లగా అడ్డంగా నిలిచిపోతుంది. మడత లోపల దాగిన గుడ్డ ముదురు రంగులో ఉంటుంది, పైన ఉన్నది ఉతుకులకు వెలిసి ఉంటుంది. ఆ గీత ఉన్న పిల్లవాణ్ణి "నీట్‌గా లేవు" అని వరుసలోంచి బయటికి పిలవడం కంటే అన్యాయం లేదు. ఆ గీత ఆ ఇంట్లో వాళ్ళ జాగ్రత్తకు గుర్తు. రూలు రాసేటప్పుడు "శుభ్రంగా ఉతికినవి" అనాలి, "కొత్తగా కనిపించేవి" అన్న అర్థం రానివ్వకూడదు. అలాగే ప్రతి వస్తువు మీదా బడి ముద్ర ఉండాలి, ఒక్కచోటే కొనాలి అంటే ఖర్చు పెరుగుతుంది. ఇంగ్లండ్‌లో 2021లో యూనిఫాం ఖర్చుల మీద ఒక చట్టమే చేశారు. దాని కింద వచ్చిన మార్గదర్శకాల ప్రకారం బడి ముద్ర ఉన్న వస్తువులు వీలైనంత తక్కువగా ఉండాలి. చొక్కా మామూలుది కొనుక్కుని జేబు మీద బ్యాడ్జి విడిగా కుట్టుకునే వీలుంటే సమస్య సగం తీరుతుంది.

ఇప్పుడు కొలతల సంగతి. చేతులు కిందికి చాచి నిలబడితే వేళ్ళ కొసల కంటే స్కర్టు కిందికి ఉండాలి అనే రూలు చాలాచోట్ల ఉంది. వినడానికి తేలికగా ఉంటుంది, టేపు కూడా అక్కర్లేదు. కానీ ఒకే ఎత్తున్న ఇద్దరిని పక్కపక్కన నిలబెట్టి చూడండి. ఒకరి చేతులు పొడుగు, ఇంకొకరివి పొట్టి. ఒకే స్కర్టు ఒకరి మీద రూలు ప్రకారం ఉంటుంది, మరొకరి మీద తప్పుతుంది. అక్కడ శిక్ష పడింది స్కర్టుకు కాదు, చేతుల పొడవుకి. మోకాళ్ళ మీద కూర్చోబెట్టి అంచు నేలకు తగులుతుందో లేదో చూసే పద్ధతి ఇంకా హీనం, అందరి ముందూ పిల్లను తగ్గించి నిలబెట్టడమే అది. కొలత తప్పదనుకుంటే "మోకాలి చిప్ప పై అంచు నుంచి ఇన్ని సెంటీమీటర్లు" అని రాయాలి. పిల్లలు ఇంట్లోనే టేపుతో చూసుకోవాలి. కూర్చున్నప్పుడు స్కర్టు పైకి జరుగుతుంది కాబట్టి కుర్చీలో కూర్చుని కూడా చూసుకోవాలి. పొడవు తేలకపోతే ప్యాంటు వేసుకునే వీలుండాలి.

ప్యాంటు మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పాలి. అమెరికాలోని నార్త్ కరోలినాలో ఒక బడి ఆడపిల్లలు స్కర్టే వేసుకోవాలని పట్టుబట్టింది. చలిలో కాళ్ళు వణుకుతున్నాయని, ఉయ్యాల ఎక్కలేకపోతున్నామని, కింద కూర్చోవాలంటే కాళ్ళు ఎలా ముడుచుకోవాలా అన్న ధ్యాసే సరిపోతోందని పిల్లలు చెప్పారు. 2022లో అక్కడి అప్పీలు కోర్టు ఆ రూలు సమానత్వానికి విరుద్ధమని తీర్పు ఇచ్చింది. అబ్బాయిలకు "నీట్‌గా ఉండండి" అని ఒక్క వాక్యం, అమ్మాయిలకు పేజీడు కొలతలు ఉన్న రూళ్ళ పుస్తకం కనిపిస్తే అది ఎవరి మీద భారం వేస్తోందో లెక్కపెట్టండి. "ఇతరుల దృష్టి మరలుతుంది" అన్న కారణం అందులో ఉంటే ఇంకా జాగ్రత్తగా చదవండి. చూసేవాళ్ళకు నేర్పాల్సిన సంస్కారాన్ని కనిపించేవాళ్ళ మీద మోపకూడదు.

నాకు అన్నిటికంటే పనికొచ్చే గీటురాయి ఒకటుంది: సాయంత్రం గేటు దాటాక అది విప్పేయగలిగినదేనా? చొక్కా, టై, బూట్లు విప్పేయొచ్చు. వాటి మీద బడి అధికారం సాయంత్రంతో అయిపోతుంది. జుట్టు విప్పలేం. కత్తిరించమంటే ఇంట్లో, పండగ రోజున, సెలవుల్లో కూడా అలాగే ఉండాలి. అంటే బడి తన గంటలు దాటి మీ జీవితంలోకి వచ్చిందన్నమాట. జపాన్‌లోని ఒసాకాలో తన జుట్టు పుట్టుకతోనే గోధుమరంగు అని చెప్పిన ఒక అమ్మాయిని నల్లరంగు వేసుకొమ్మని బడి పదేపదే ఒత్తిడి చేసింది. ఆమె బడికి రావడమే మానేసింది. 2021లో కోర్టు ఆమెకు పరిహారం ఇప్పించింది, అయినా రూలు చట్టవిరుద్ధం కాదంది. కాలిఫోర్నియా 2019లో సహజంగా ఉంగరాలు తిరిగిన జుట్టు, జడల పాయలు ఉన్నాయని వివక్ష చూపకూడదంటూ చట్టం చేసింది. నా ఉద్దేశంలో శరీరాన్ని మార్చమనే రూలుకు భద్రత, ఆరోగ్యం తప్ప వేరే కారణం చాలదు. అక్కడ కూడా "ముడి వేసుకో" అంటే సరిపోయేచోట "కత్తిరించు" అనకూడదు.

నమ్మకాలకు సంబంధించినవి ఇంతకంటే కష్టం. దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో దక్షిణ భారత మూలాలున్న ఒక హిందూ విద్యార్థిని ముక్కుపుడక పెట్టుకొచ్చింది. నగల రూలు చూపించి బడి తీసేయమంది. 2007లో రాజ్యాంగ న్యాయస్థానం ఆమెకు మినహాయింపు ఇవ్వాల్సిందేనని తేల్చింది. ముక్కుపుడక మతం ప్రకారం తప్పనిసరి కాకపోయినా, ఆమె మనస్ఫూర్తిగా పాటించే సంప్రదాయం కాబట్టి రక్షణ ఉందన్నారు. ఈమెకు ఒప్పుకుంటే రేపు అందరూ వస్తారు అని బడి వాదించింది. తమ సంస్కృతిని దాచుకోకుండా ఇంకొందరు ముందుకొస్తే అది భయపడాల్సింది కాదు, సంతోషించాల్సింది అన్నది కోర్టు మాట సారాంశం. యూనిఫాం రద్దు కాలేదు, ఒక చిన్న పుడకకు చోటు దొరికింది. అన్ని దేశాలూ ఇలా ఆలోచించవు. ఫ్రాన్స్ 2004లో ప్రభుత్వ బడుల్లో మత చిహ్నాలు కొట్టొచ్చినట్టు ధరించకూడదని చట్టం చేసింది. మన సుప్రీంకోర్టులో 2022 అక్టోబరులో హిజాబ్ కేసు విన్న ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పు ఇచ్చారు. చదువుకున్న పెద్దలే తేల్చలేని చోట తోటి పిల్లను గేటు దగ్గర ఎగతాళి చేసే హక్కు మీకెవరికీ లేదు.

బట్టల మీద సందేశం ఉంటే? 1965 డిసెంబరులో అమెరికాలోని డెమోయిన్‌లో కొందరు పిల్లలు వియత్నాం యుద్ధానికి నిరసనగా చేతికి నల్ల పట్టీ కట్టుకుని బడికి రావాలనుకున్నారు. సంగతి తెలిసి ప్రిన్సిపాళ్ళు అప్పటికప్పుడు పట్టీలు నిషేధించారు. కట్టుకొచ్చినవాళ్ళను పంపేశారు, వాళ్ళలో ఒకమ్మాయికి 13 ఏళ్ళు. 1969లో అక్కడి సుప్రీంకోర్టు 7–2 తేడాతో పిల్లల పక్షాన నిలిచింది. చదువుకు నిజంగా, గట్టిగా అడ్డొస్తుందని చూపగలిగితేనే బడి ఆపొచ్చు, అడ్డొస్తుందేమోనన్న భయం చాలదు అంది. వేరే రాజకీయ బ్యాడ్జీలకు అభ్యంతరం చెప్పని బడులు ఆ ఒక్క పట్టీనే నిషేధించడం కూడా కోర్టు కంట పడింది. తోటివారి కులాన్నో మతాన్నో రంగునో కించపరిచే మాట వేరు, దాన్ని ఆపడం బడి బాధ్యత.

శిక్ష గురించి ఒక చిన్న లెక్క. గేటు దగ్గర 20 నిమిషాలు, వారానికి రెండుసార్లు, 30 వారాలు. మొత్తం 1200 నిమిషాలు. నలభై నిమిషాల పీరియడ్లు ముప్పై. లేసు రంగు కోసం ముప్పై పాఠాలు పోగొట్టే రూలు దేన్ని కాపాడుతోంది? బట్టల తప్పుకు క్లాసు పోకూడదు. ఆఫీసులో ఒక జత అదనంగా ఉంచాలి, లేదా డైరీలో రాసి ఇంటికి కబురు పంపాలి. ఐక్యరాజ్యసమితి 1989 బాలల హక్కుల ఒడంబడికలో 28వ అధికరణం, బడి క్రమశిక్షణ పిల్లల మానవ గౌరవానికి తగ్గట్టు ఉండాలంటుంది. మీకు సంబంధించిన విషయాల్లో మీ మాట వినాలని 12వ అధికరణం చెబుతుంది.

మాట చెప్పడానికీ పద్ధతి ఉంది. ముందు రూలు రాతపూర్వకంగా తీసుకోండి. చాలాసార్లు "రూలు" అనుకున్నది ఎక్కడా రాసే ఉండదు. ఒక కాగితం మీద నాలుగు గళ్ళు గీసి రూలు, కారణం, ఎక్కడ ఎప్పుడు, వేరే దారి అని రాయండి. "మొదట్నుంచీ ఇలాగే ఉంది" తప్ప కారణం దొరకని వాటికి గుర్తు పెట్టండి. తర్వాత రెండు వారాలు లెక్క రాయండి: ఎంతమందిని ఆపారు, ఏ రూలుకు, అబ్బాయిలెందరు, అమ్మాయిలెందరు, ఎన్ని నిమిషాలు పోయాయి. ఎవరి పేరూ రాయొద్దు. అప్పుడు ఒక్క రూలు ఎంచుకుని దాని బదులు ఏ వాక్యం ఉండాలో మీరే రాసి హెడ్ మాస్టరు గారికి ఇవ్వండి. అయిదు మార్పులు ఒకేసారి అడిగితే అయిదూ పోతాయి. వంద సంతకాలున్నా కొత్త వాక్యం లేని అర్జీ బీరువాలో పడి ఉంటుంది. ఒక టర్మ్ ప్రయత్నించి చూద్దామని అడగండి. ఏ తేదీన మళ్ళీ కూర్చోవాలి, ఏది చూసి బాగుందో లేదో తేల్చాలి అన్నది మొదటి రోజే రాసుకోండి. ఆలస్యంగా వచ్చినవాళ్ళ సంఖ్య, గేటు దగ్గర పోయిన నిమిషాలు చాలు. ఆ టర్మ్‌లో లెక్క రాసే పని ఇద్దరికి అప్పగించండి, ఒకరు పెద్ద తరగతి, ఒకరు చిన్న తరగతి. చిన్న తరగతుల వాళ్ళను ఏమేం అడిగి ఆపుతున్నారో పెద్ద తరగతులకు తెలియదు.

ప్రేమతో,
మీ పెద్దమ్మ