మెత్తబడినంత మాత్రాన ఉడికినట్టేనా?

చింతపల్లి, పాడేరు కొండల్లో పండే రాజ్మా విశాఖపట్నం వంటిళ్ళకు కొత్తది కాదు. కొత్తగా వచ్చినది సన్నని వేడి మీద గంటల తరబడి వండే విద్యుత్తు పాత్ర, స్లో కుక్కర్. రాత్రి పడుకునే ముందు గింజలు వేసి, నీళ్ళు పోసి, మీట నొక్కితే తెల్లవారేసరికి కూరకు సిద్ధంగా ఉంటాయన్న ఆశతో చాలామంది దానిని కొంటున్నారు. సెనగలు, బొబ్బర్ల విషయంలో ఆ ఆశ చాలావరకు తీరుతుంది కానీ, ఎర్ర రాజ్మాను నేరుగా అందులో వేయడం మాత్రం ప్రమాదకరం.

సన్నని సెగ మీద గంటల తరబడి కాచడం మనకు తెలియని విద్యేమీ కాదు. పిడకల దాలి మీద పూటంతా కాగిన పాలకు ఎర్రటి మీగడ కట్టేది ఆ పద్ధతిలోనే. స్లో కుక్కర్ పుట్టుక వెనుక ఉన్నది కూడా గింజల వంటకమే. లిథువేనియాలో యూదులు తమ వారపు విశ్రాంతి దినమైన సబ్బాతు కోసం రొట్టెల బట్టీలో రాత్రంతా ఉంచే చోలెంట్ అనే గింజల కూర గురించి తల్లి చెప్పగా విన్న ఇర్వింగ్ నాక్సన్ అనే అమెరికన్, విద్యుత్తుతో నడిచే అలాంటి పాత్రను రూపొందించి 1940లో పేటెంట్ పొందాడు. అదే 1971లో క్రాక్-పాట్ పేరుతో బజారులోకి వచ్చింది.

గింజ ఉడకడమంటే నిజానికి రెండు వేర్వేరు పనులు జరగడం. మొదటిది మెత్తబడటం: కణాలను ఒకదానితో ఒకటి అంటించి ఉంచే పెక్టిన్ వేడినీటిలో మెల్లగా కరుగుతుంది, దీనికి మరిగే నీరే కావాలని లేదు, ఓపిక ఉంటే చాలు. రెండవది, గింజలో ఉన్న ఫైటోహీమగ్లూటినిన్ అనే లెక్టిన్ నశించడం. ఎర్ర రక్తకణాలను ముద్దగా అంటుకునేలా చేసే ఈ ప్రోటీన్ ఎర్ర రాజ్మాలో చాలా ఎక్కువ. కణాలను అంటించే ఈ శక్తిని కొలిచే లెక్కలో పచ్చి గింజల్లో 20,000 నుంచి 70,000 యూనిట్ల వరకు ఉంటే, పూర్తిగా ఉడికిన వాటిలో 200 నుంచి 400 యూనిట్లే మిగులుతాయి. నాలుగైదు పచ్చి గింజలు తిన్నా ఒకటి నుంచి మూడు గంటల్లో తీవ్రమైన వాంతులు, ఆ తరువాత విరేచనాలు పట్టుకుంటాయి. సాధారణంగా కొన్ని గంటల్లో అవే తగ్గిపోతాయి.

స్లో కుక్కర్లలో వండిన కూరలను పరీక్షించినప్పుడు లోపలి వేడి తరచుగా 75 డిగ్రీలు దాటలేదని తేలింది. గింజ మెత్తబడటానికి ఆ వేడి సరిపోవచ్చు, లెక్టిన్ విరగడానికి చాలదు. పైగా 80 డిగ్రీల దగ్గర అరకొరగా ఉడికిన గింజల్లో ఈ విషప్రభావం పచ్చివాటి కంటే అయిదు రెట్ల వరకు పెరగవచ్చు. వేలితో నొక్కి చూసే మన పాత పరీక్ష ఇక్కడ మోసపోతుంది.

కాబట్టి రాజ్మాను కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో పొయ్యి మీద 30 నిమిషాలు తెర్లనిచ్చిన తరువాతే స్లో కుక్కర్‌లోకి మార్చాలి. సముద్రమట్టాన ఉన్న విశాఖలో నీరు 100 డిగ్రీల వద్ద మరుగుతుంది. సుమారు 900 మీటర్ల ఎత్తున్న అరకులో 97 దగ్గరే మరుగుతుంది కనుక అక్కడ మరికాస్త సేపు ఉంచడం మంచిది. లోపల 120 డిగ్రీల దాకా చేరే మన ప్రెషర్ కుక్కర్‌లో బాగా ఉడికించినవారికి ఈ బెంగ లేదు.

ఉప్పు వేస్తే గింజ ఉడకదన్న మాట మా ఇంట్లోనూ వింటూ పెరిగాను కానీ, నానబెట్టే నీళ్ళలో ఉప్పు వేస్తే పెక్టిన్‌ను బిగించి ఉంచే కాల్షియం స్థానంలోకి సోడియం చేరి, గింజ త్వరగానే మెత్తబడుతుంది. నిజంగా అడ్డుపడేవి చింతపండు, టమాటా పులుపు, బోరునీటి ఉప్పదనం కాదు గానీ అందులోని కాల్షియం, మెగ్నీషియం. ఉక్కపోతలో నెలల తరబడి డబ్బాలో మగ్గిన పాత గింజలైతే ఎంతసేపు ఉడికించినా లోపల గట్టిగానే మిగులుతాయి. వాటికి వంటసోడా సాయపడుతుంది కానీ, ఎక్కువైతే సబ్బు రుచి వచ్చి, థయమిన్ అనే విటమిన్ కూడా నశిస్తుంది. చిటికెడు మించి వేయకూడదు.