చార్మినార్ గచ్చు: మేస్త్రీలను తయారుచేసేది ఎవరు?

చార్మినార్ గచ్చు ఊడిపడిన ప్రతిసారీ వాదన నిధుల చుట్టూనే తిరుగుతోంది. 2019 మే 1న మినార్ నుంచి పెద్ద పెచ్చు రాలినప్పుడూ అంతే. 1591 నాటి కథ అందరికీ తెలుసు. ఇప్పటి గొడవ అర్థం కావాలంటే మాత్రం 2013 దగ్గర మొదలుపెట్టాలి.

ఆ ఏడాది వానలకు గోల్కొండ దగ్గరి కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలో బడీ బావోలి అనే మెట్లబావి గోడ కూలింది. ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు, రాష్ట్ర పురావస్తు శాఖ కలిసి అక్కడ పునరుద్ధరణకు దిగాక, మొదట తొలగించాల్సి వచ్చింది 20వ శతాబ్దపు రిపేర్లనే. అప్పట్లో గుమ్మటాల మీద సిమెంటు పూసేశారు. సున్నపు గోడ తడి పీల్చుకుంటుంది, ఎండ కాయగానే వదిలేస్తుంది. పైన సిమెంటు పడితే ఆ తడికి దారి ఉండదు, లోపల్లోపలే గచ్చు పట్టు వదిలేస్తుంది.

సిమెంటు తీసేయొచ్చు. దాని స్థానంలో సున్నం వేసే చేతులేవి? సున్నాన్ని గుంతలో నానబెట్టాలి, ఇసుకతో కలిపి గానుగలో రుబ్బాలి, కరక్కాయ, బెల్లం నానిన నీళ్లు పోయాలి. ఆఖరి పూతకు వేళ్ల మధ్య రుద్దితే పలుకు తగలనంత మెత్తగా రావాలి. పుస్తకం చదివితే ఇది రాదు, పెద్ద మేస్త్రీ పక్కన నిలబడాలి. గోల్కొండలో జరిగిందదే. గోడ మళ్లీ లేచింది, 2022లో అక్కడి మెట్లబావులకు యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డు వచ్చింది.

సున్నం పని ఆలస్యమని, రేటు కుదరదని ఇంజనీర్లు అంటారు. నిజమే, ఆరడానికి టైమ్ పడుతుంది. కానీ మేస్త్రీలు చెప్పేది కూడా వినాలి. వానలు రాకముందే ముగించమని కాంట్రాక్టర్ తొందరపెడతాడు, కూలి చూస్తే సిమెంటు పనికిచ్చేదే. అలాంటప్పుడు కొడుక్కి ఈ పని ఎందుకు నేర్పుతారు? సైటు మూతపడితే నేర్చుకున్నవాళ్లు అపార్ట్‌మెంట్ల పనికి పోక ఏం చేస్తారు?

శిల్పులకు తిరుపతిలో టీటీడీ 1960లోనే శిక్షణ సంస్థ పెట్టింది. ఆలయ వాస్తు, రాతి శిల్పం అక్కడ డిప్లొమా చదువులు. సున్నం మేస్త్రీకి హైదరాబాద్‌లో ఆ స్థాయి బడి లేదు. పాత కట్టడాల టెండర్లలో సున్నం పని తెలిసిన మేస్త్రీ తప్పనిసరి అని, ఆయన కింద ఇద్దరు కుర్రాళ్లు జీతంతో నేర్చుకోవాలని రాస్తే బడికి పునాది అక్కడే పడుతుంది.